బియ్యంలో తాళంచెవి

తుపాకీ సంగతి కుసుమకి చలపతి ఇంట్లో, పెరుగన్నం దగ్గర తెలిసింది. అసలేమీ తెలియదని కాదు. ఫిబ్రవరి నుంచి ద్వారకానాథ్ శనివారాలు పొద్దున్నే కారు తీసుకుని, వెర్రిబీ ఊరు దాటి, లిటిల్ రివర్ అవతల ఉన్న రైఫిల్ క్లబ్బుకి పోతున్నాడని తెలుసు. ఏదో క్లాసుకి వెళ్ళి, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడని తెలుసు. పోయిన వారం గరాజ్‌లో గోడకి ఒక ఇనప్పెట్టె బిగించాడనీ తెలుసు. అందులో ఏం పెడతారని మాత్రం ఆవిడ అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని భయం.

చలపతి అడిగాడు. నోట్లో ముద్ద ఉండగానే, తుపాకీ ఏ క్యాలిబర్, చిన్న గుండుదా పెద్ద గుండుదా, ఏది తీసుకుంటున్నారు బావగారూ అన్నాడు. హాపర్స్ క్రాసింగ్‌లో ఉన్న నాలుగైదు తెలుగిళ్ళలో ఎవరేం కొన్నా చలపతిని అడిగి కొంటారు. వీడియో కెమెరా అయినా, కారు అయినా, ఇంటి స్థలమైనా సరే. అడగకపోతే ఆయనే వచ్చి చెప్పిపోతాడు. జన్మలో తుపాకీ ముట్టుకోలేదన్నది ఆయనకి పెద్ద అడ్డం కాలేదు.

ద్వారకానాథ్ ఎడం చేత్తో జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. ఇంటర్నెట్‌లోంచి ప్రింటు తీసినవి. మోడెమ్ కీచుకీచుమంటూ ఫోన్ లైనుని ఆక్రమించేసిన సాయంత్రాలన్నీ ఇందుకా అనుకుంది కుసుమ. కాగితాల్లో మూడు పేర్ల కింద గీతలున్నాయి. చిన్నది టూ-టూ-త్రీ. క్లబ్బులో ఎక్కువమంది కాల్చేది త్రీ-ఓ-ఎయిట్. అన్నిటికన్నా పెద్దది త్రీ హండ్రెడ్ మాగ్నమ్. దాని గుండు వెయ్యి గజాల దూరం పోయినా గాలికి అంతగా పక్కకి జరగదట. క్లబ్బులో ఒకాయన తన మాగ్నమ్ అమ్మేస్తున్నాడు, అది తీసుకుందామనుకుంటున్నాను అన్నాడు ద్వారకానాథ్. ఆ గొంతులో కొత్త వస్తువు కొనబోయేవాడి హుషారు లేదు. బస్సు ఎన్నింటికని ఎవరో అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

చలపతి మెచ్చుకున్నాడు. తీసుకుంటే పెద్దదే తీసుకోవాలన్నాడు. చిన్నది కొని, ఏడాది తిరక్కుండా చాలక, మళ్ళీ పెద్దదానికి పరిగెత్తడం మన ఇంటావంటా ఉందా అని అక్కడున్న మగవాళ్ళందర్నీ అడిగాడు. లేదని అందరూ ఒప్పుకున్నారు. పిల్లలకి స్కూలు బూట్లు ఒక సైజు పెద్దవి కొని, ముందు దూది కుక్కి నడిపించేవాళ్ళం. ముగ్గురుండే ఇంటికి అయిదు బెడ్రూములు కట్టించేవాళ్ళం. తుపాకీ దగ్గరికొచ్చేసరికి తగ్గుతామా?

"ఏమాటకామాట, బావగారికి గురి కావలసిందే," అన్నాడు చలపతి. "రెండేళ్ళు లేని పులిని వేటాడారు మరి."

అందరూ నవ్వారు. ఆ మాట పుట్టింది ఎక్కడో అందరికీ తెలుసు. వృద్ధుల పింఛన్లు చూసే ఒక ఆఫీసులో ద్వారకానాథ్ రెండేళ్ళపాటు పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దాడు. రెండువేల సంవత్సరం వచ్చిన క్షణంలో కంప్యూటర్లు దాన్ని పంతొమ్మిది వందలనుకుని తలకిందులవుతాయని లోకమంతా వణికిన రోజులవి. చలపతి వాళ్ళు బాత్‌టబ్ నిండా నీళ్ళు పట్టి, కొవ్వొత్తులు కొని పెట్టుకున్నారు. తీరా చూస్తే ఫ్రిజ్ కూడా ఆగలేదని చలపతి భార్య మంగళ చెప్పి మళ్ళీ నవ్వించింది. కుసుమ కూడా నవ్వింది. నలుగురిలో నవ్వకుండా కూర్చుంటే బాగోదని నవ్వింది. ద్వారకానాథ్ ఆవిడ వైపు ఒకసారి చూసి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, అన్నంలో ఇంకాస్త పెరుగు వేసుకున్నాడు.

ఇంటికి వస్తుంటే కారులో ఇద్దరూ మాట్లాడుకోలేదు. జనవరి నుంచీ అంతే. ఆఫీసులో ఆ టీమును మార్చిలో ఎత్తేశారు. వీడ్కోలు టీ ఇచ్చిన మేనేజరు కూడా, చరిత్రలో ఇంత ఖరీదైన సున్నా ఇంకోటి లేదని జోకు వేశాడట. ద్వారకానాథ్‌ని తీసుకెళ్ళి పాస్‌వర్డులు మర్చిపోయినవాళ్ళ ఫోన్లు ఎత్తే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అప్పటినుంచి మరీను, మనిషి తింటాడు, పడుకుంటాడు, లేస్తాడు. ఏం కూర చెయ్యమంటారంటే ఏదైనా సరే అంటాడు. టీవీ పెట్టుకుని, గొంతు తగ్గించేసి, బొమ్మలు చూస్తూ కూర్చుంటాడు. ఇలాంటి మనిషికి తుపాకీ ఎందుకు? ఆ ప్రశ్నకి కుసుమ మనసులో ఒకే ఒక్క జవాబు ఉంది. అది పైకి అనడానికి ఆవిడకి నోరు రాలేదు.

సోమవారం కుసుమ పనికి వెళ్ళింది. వెర్రిబీలో ఒక క్లినిక్‌లో రక్తం తీసే పని ఆవిడది. వచ్చినవాళ్ళ చేతికి పట్టీ కట్టి, మోచేతి మడతలో వేలితో తడిమి, నరం దొరికాక, మెల్లిగా ఊపిరి వదలండి అంటుంది. వాళ్ళు వదిలే లోపల సూది దిగిపోతుంది. ఆ రోజు ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని, ఈయన పింఛను ఆ ఆఫీసు నుంచే వస్తుందేమో అనుకుంది. జనవరిలో ఆగిందా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆగి ఉంటే ముసలాయనే చెప్పేవాడు, పేపరు వాళ్ళకి కూడా చెప్పేవాడు. సరిగ్గా వచ్చినదాని గురించి ఎవరేం చెప్తారు?

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం డబ్బా మూత తీసి కొలగిన్నె ముంచితే లోపల గట్టిగా ఏదో తగిలింది. ఇనప్పెట్టె తాళంచెవి. పెట్టె బిగించిన రోజు నుంచీ అక్కడే ఉంటోంది. దొంగలకి దొరక్కుండా పెట్టాడనుకుంది. తన పుట్టింట్లో కూడా బీరువా తాళాలు బియ్యంలోనే ఉండేవి, అందులో వింతేముంది? రోజూ లాగే దాన్ని ఒక మూలకి జరిపి బియ్యం తీసుకుంది. పెట్టె ఇంకా ఖాళీయే. అయినా తాళం అక్కడ ఉందని చేతికి తగిలితే ఎందుకో కాస్త ఊపిరి ఆడేది.

కూతురు రుచిత యూనివర్సిటీ నుంచి వచ్చి, బెంచీ మీద బ్యాగు పడేసి, డాడ్ తిన్నారా అంది. మీ నాన్న బానే ఉన్నారులే అంది కుసుమ, అడగని ప్రశ్నకి కూడా కలిపి. "నో అమ్మా, హి ఈజ్ నాట్. నీకూ తెలుసు," అంది రుచిత, తెలుగు ముక్కని చివర్లో అంటించి. కుసుమ కుక్కరు మూత పెట్టి విజిల్ తగిలించింది. తెలుసు. తెలిసి ఏం చెయ్యాలో తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్దామండీ అని రెండుసార్లు అంది. నాకేమైంది అన్నాడాయన రెండుసార్లూ.

మంగళవారం పోలీసు వచ్చాడు. తుపాకీ ఇంటికి రాకముందు పెట్టె ఎలా బిగించారో చూడటానికి స్టేషన్ నుంచి ఎవరో వస్తారని ద్వారకానాథ్ పొద్దున్న చెప్పాడు. అందుకే కుసుమ ఇల్లు సర్ది, జీడిపప్పు వేసి ఉప్మా చేసి ఉంచింది. వచ్చినవాడు ఎర్రజుట్టు కుర్రాడు. గుమ్మం దగ్గర చెప్పుల వరుస చూసి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. దానితో కుసుమకి వాడి మీద అభిమానం పుట్టుకొచ్చేసింది.

గరాజ్‌లో ఇనప్పెట్టెని రెండు చేతులతో పట్టుకుని లాగి చూశాడు. గోడకి బిగించిన బోల్టులు తట్టి చూశాడు. బాగుందన్నాడు. తూటాలు వేరే అరలో పెట్టాలన్నాడు, ఆ అర కూడా చూశాడు. తర్వాత, తాళం ఎక్కడ ఉంచుతారని అడిగాడు. ద్వారకానాథ్ వెంటనే చెప్పలేదు. గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చిన మనిషి ప్రశ్న అడిగి అలా జవాబు కోసం నిలబడి ఉంటే కుసుమ ఉగ్గబట్టుకోలేకపోయింది. ఉండు బాబూ అని గబగబా లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, తాళంచెవి తెచ్చి, అంటుకున్న గింజలు ఊది, వాడి చేతిలో పెట్టింది.

కుర్రాడు తాళంచెవి వైపు చూసి, ఆవిడ వైపు చూశాడు. మీకు లైసెన్సు ఉందా అని అడిగాడు. నాకెందుకయ్యా అంది నవ్వుతూ. ఆ నవ్వు సగంలో ఉండగానే వాడు చాలా మర్యాదగా సంగతి చెప్పాడు. లైసెన్సు లేనివాళ్ళ చేతికి తాళం అందకూడదు. భార్య అయినా సరే. ఎక్కడుంటుందో కూడా తెలియకూడదు. ఈ ఒక్కటీ సరిచేసుకుంటే మళ్ళీ వచ్చి చూస్తాను, అప్పటిదాకా రైఫిల్ కొనడానికి లేదన్నాడు. ఉప్మా తిన్నాడు, జీడిపప్పులు ఏరుకుని తిన్నాడు, బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

మొగుడూ పెళ్ళాల మధ్య తాళాలేమిటి? ఇంట్లో చెక్కుబుక్కు ఒకటే, కారు తాళాల మేకు ఒకటే. అలాంటి రూలు ఒకటుంటుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. "నాకు తెలీలేదండీ," అంది. ద్వారకానాథ్ ఫరవాలేదన్నాడు. కోపం లేదు, విసుగు లేదు. కోప్పడితే బావుండునని కుసుమకి అనిపించింది. తాళంచెవి తీసుకెళ్ళి ఎక్కడైనా దాస్తాడనుకుంది. ఆయన దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ బియ్యంలోనే వేశాడు. అదేంటండీ, ఆ అబ్బాయి చెప్పాడు కదా అంటే, ఇప్పుడు పెట్టె ఖాళీయేగా అని టీవీ ముందుకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గిన్నెలు కడుగుతుంటే కుసుమకి ఇంకో సంగతి తోచింది. పొరపాటు చేసినందుకు ఆవిడకి బాధ లేదు. పని ఆగినందుకు సంతోషంగా ఉంది. ఆ సంతోషం చూసి ఆవిడే సిగ్గుపడింది. అయినా అది ఎన్నాళ్ళు? కుర్రాడు మళ్ళీ వస్తాడు. ఈసారి తాళం ఆయన జేబులో ఉంటుంది. జేబులోంచి పెట్టెకి ఎంత దూరం?

బుధవారం, గురువారం ఇద్దరూ రోజూలాగే పనులకి వెళ్ళొచ్చారు. రాత్రిళ్ళు చలి మొదలయింది. మన ఎండాకాలం ఇక్కడ చలికాలం, మేలో ఈ ఊరి గాలి పడమటి మైదానం మీంచి అడ్డూ ఆపూ లేకుండా వచ్చి కిటికీలు కొడుతుంది. శుక్రవారం అన్నం తింటూ, రేపు నేనూ వస్తాను మీతో అంది కుసుమ. ఎందుకు అని ఆయన అడగలేదు. చలిగా ఉంటుంది, కోటు తెచ్చుకో అన్నాడు. అమ్మేవాడి చేతులు పట్టుకునైనా సరే, ఆ రైఫిల్ ఆయనకి అమ్మొద్దని చెప్పి రావాలని ఆవిడ నిశ్చయం. పరువు పోతే పోయింది.

క్లబ్బు అంటే ఒక రేకుల షెడ్డు. చుట్టూ గొర్రెలు మేసే బీళ్ళు, దూరంగా యూ యాంగ్స్ కొండలు. మైదానం పొడవునా ఎర్ర జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. ఆ చివర నేలలో పెద్ద కందకం, దాని మీద కిటికీల్లా లేచి నిలబడ్డ టార్గెట్లు. కాల్చేవాళ్ళు ఈ చివర గడ్డి దిబ్బ మీద చాపలు పరుచుకుని బోర్లా పడుకుంటారు. ఒక్కో గుండు పడగానే కందకంలో ఉన్నవాళ్ళు టార్గెట్‌ని కిందికి లాగి, చిల్లు పడ్డచోట ఒక బిళ్ళ గుచ్చి, మళ్ళీ పైకి లేపుతారు. అంత దూరం నుంచి బిళ్ళ కనిపిస్తే, నీ గుండు ఎక్కడ తగిలిందో నీకు తెలిసినట్టు. వంతులవారీగా అందరూ కందకంలోకి దిగాలి, అదీ అక్కడి పద్ధతి.

కొత్తవాళ్ళకి నేర్పేది, ఎవరికే రైఫిల్ సరిపోతుందో చెప్పేదీ నోరీన్ అనే పెద్దావిడ. అరవై దాటాయి. స్కూలు బస్సు నడిపి రిటైరయింది. పొట్టి జుట్టు, మగవాళ్ళ స్వెట్టరు. ద్వారకానాథ్ చాపలు మోసుకెళ్తుంటే కుసుమ ఆవిణ్ణి షెడ్డులో టీ పాత్ర దగ్గర పట్టుకుంది. దారంతా కూడబలుక్కున్న మాటలు తీరా అక్కడ రాలేదు. ఆ పెద్ద రైఫిల్ మా ఆయనకి ఇప్పించకండి అని మాత్రం అనగలిగింది. నోరీన్ ఎందుకని అడగలేదు. ఇంట్లో మాట్లాడుతున్నాడా అని అడిగింది. కుసుమ తల అడ్డంగా ఊపింది. నోరీన్ ఆవిడ చేతిలో వేడి టీ కప్పు పెట్టి, పక్కనే ఉండు, నేను చూస్తాను అంది.

అమ్మేవాడు కాల్చి చూడమని ఇచ్చిన మాగ్నమ్ కుసుమ ఊహించినదానికంటే పొడుగ్గా, నల్లగా ఉంది. ద్వారకానాథ్ చాప మీద పడుకుని దాన్ని భుజానికి ఆనించుకున్నాడు. బట్టతల చుట్టూ ఉన్న జుట్టు గాలికి లేస్తోంది. ఒక్కసారికి ఒక్క తూటాయే పట్టే రైఫిల్ అది. ప్రతి తూటా నోరీనే పెడుతుంది, ఆయన బోల్ట్ అనే గొళ్ళెం మూసి కాల్చాలి. చెవులకి డిప్పలు పెట్టుకున్నా మొదటి చప్పుడుకి కుసుమ చేతిలో టీ ఒలికిపోయింది. రైఫిల్ ఆయన భుజాన్ని వెనక్కి తన్నింది. టార్గెట్ కిందికి దిగి, పైకి లేచింది. బిళ్ళ అంచున, బాగా కింద ఉంది. మళ్ళీ కాల్చాడు. మళ్ళీ కిందే. తర్వాతది టార్గెట్‌కే తగల్లేదు. ద్వారకానాథ్ మొహంలో ఏమీ లేదు. గాలి అన్నాడు.

గాలి కాదని నోరీన్ కుసుమకి చెప్పింది, చెవి దగ్గరికి వంగి. పెద్దది కొత్తవాణ్ణి నాలుగుసార్లు తంతే ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కే లోపలే కళ్ళు మూసుకుంటాయి, భుజం ముందుకి తోస్తుంది. అది బెదురు. పేలినప్పుడు ఆ తన్ను చాటున బెదురు బయటికి కనబడదు, కాల్చేవాడికే తెలియదు. ఇప్పుడు చూడు అని, జేబులోంచి ఇంకో తూటా తీసింది. అచ్చం మిగతావాటిలాగే ఉంది. మందు లేని ఖాళీ తూటా. ఆయనకి చెప్పకుండా లోపల పెట్టింది.

ద్వారకానాథ్ బోల్ట్ మూశాడు. ఊపిరి పీల్చి వదిలాడు. ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది, అంతే. ఏమీ పేలలేదు. కానీ ఆయన ఒళ్ళంతా ఎగిరిపడింది. కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, పళ్ళు బిగుసుకున్నాయి, కాళ్ళు చాప మీద కొట్టుకున్నాయి, గొట్టం కొస వెళ్ళి గడ్డిలో గుచ్చుకుంది. అయిదు నెలల నుంచి ఉలుకూ పలుకూ లేని మనిషి. భయపడ్డాడు. కుసుమ కళ్ళారా చూసింది. ఆయనకి భయం ఉంది, నొప్పంటే భయం ఉంది, లోపల మనిషి ఉన్నాడు. ఆవిడ పక్కనున్న చాపల సంచి మీద కూర్చుండిపోయింది.

ద్వారకానాథ్ లేవలేదు. చెంప రైఫిల్ చెక్క మీదే ఆనించి ఉండిపోయాడు. నోరీన్ వంగి, నెమ్మదిగా రైఫిల్ తీసుకుని, బోల్ట్ బయటికి లాగి జేబులో వేసుకుని, పక్కవాళ్ళని టీకి పిలుచుకుని వెళ్ళిపోయింది.

"చూశావా కుసుమా," అన్నాడు చాప మీద నుంచే. "ఏమీ జరగలేదు. అయినా ఎలా అదిరిపోయానో."

ఆ తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలయింది. నవ్వుతున్నాడనుకుంది ముందు. కుసుమ చాప అంచున కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేసింది. గాలి పెద్దగా ఉండబట్టి ఆ ఏడుపు షెడ్డు దాకా పోలేదు. పింఛన్ల ప్రోగ్రాముల గురించి చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. తను పట్టుకోకపోతే జనవరిలో ఎంతమంది ముసలివాళ్ళకి డబ్బు రాకుండా ఆగిపోయేదో చెప్పాడు. ఏమీ జరక్కుండా చూడటమే పని, ఏమీ జరగలేదని నవ్వారు, ఇక్కడైతే చిల్లు పడితే బిళ్ళ పెట్టి చూపిస్తారు అన్నాడు. నవ్వినవాళ్ళలో తనూ ఉందని కుసుమకి గుర్తొచ్చింది. ఆ మాట తర్వాత చెప్పుకోవచ్చు. ముందు అడగాల్సింది అడిగింది.

"ఆ తుపాకీ మీకోసమే కొంటున్నారేమోనని నాకు భయంగా ఉందండీ."

ద్వారకానాథ్ లేచి కూర్చుని, మోచేతులకి అంటిన గడ్డి ఒక్కొక్క పోచే తీసుకున్నాడు.

"నాకూ అదే భయం," అన్నాడు. "అందుకేగా తాళం బియ్యంలో వేశాను."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. ఆయన విడమర్చి చెప్పాడు. ఈ ఇంట్లో ఆ డబ్బా మూత నేను ఎన్నడైనా తీశానా? నీ చెయ్యి రోజూ వెళ్ళేది అక్కడికే. ఏ రోజు తాళం చేతికి తగలకపోయినా ఆ పూటే నీకు తెలుస్తుంది, వెతుక్కుంటూ వస్తావు. పోలీసు అడిగితే ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక నిలబడ్డాను. ఇంతలో నువ్వే తెచ్చిచ్చావు. మళ్ళీ అందులోనే వేశాను, ఇంకెక్కడ వెయ్యాలో నాకు తోచలేదు అన్నాడు.

దొంగల కోసం అనుకుంది ఆవిడ ఇన్నాళ్ళూ. రోజూ దాన్ని ఓ మూలకి జరిపి అన్నం వండింది. కుసుమ ఆయన చెయ్యి పట్టుకుంది, అలవాటు కొద్దీ మణికట్టు దగ్గర. నాడి గబగబా కొట్టుకుంటోంది. సోమవారం నాతో క్లినిక్‌కి రావాలి అంది. ఈసారి ఆయన నాకేమైంది అనలేదు. సరే అన్నాడు.

నోరీన్ తిరిగొచ్చి ఇద్దరి మొహాలూ చూసింది. కుసుమ ఉన్నదున్నట్టు చెప్పేసింది. తాళం సంగతి కూడా. నోరీన్ విని, తన మొగుడు పోయే ముందు ఏడాది ఇంట్లో తుపాకులన్నీ తనే క్లబ్బుకి తెచ్చి పెట్టానని, అంతకుమించి వివరం లేకుండా అంది. మాగ్నమ్ సంగతి మర్చిపొమ్మంది. లైసెన్సు మాట డాక్టరు చెప్పాక చూద్దామంది. ఇవాళ్టికి నువ్వు కాల్చింది చాలు, వెళ్ళి కందకంలో టార్గెట్లు లాగు అని ద్వారకానాథ్‌ని పంపేసింది. ఆయన చెప్పిన మాట వినే పిల్లాడిలా కోటు గుండీలు పెట్టుకుని, జెండాల పక్కన దారమ్మట నడుచుకుంటూ పోయాడు. అంత దూరం పోయేసరికి చీమంత అయ్యాడు.

నువ్వు చాప మీద పడుకో అంది నోరీన్ కుసుమతో. కుసుమ కంగారుపడింది. చీరకట్టులో రాలేదు కాబట్టి ఆ వంక కూడా లేదు. నోరీన్ షెడ్డులోంచి క్లబ్బువాళ్ళ చిన్న రైఫిల్ తెచ్చింది, టూ-టూ-త్రీ. కొత్తవాళ్ళు మొదట కొనాల్సింది తన్నని రైఫిల్ అంది. వెయ్యి గజాల సంగతి తర్వాత. గాలికి ఇది ఎక్కువ జరుగుతుంది, జరిగితేనే గాలి చూడటం నేర్చుకుంటావు. భుజానికి సరిపోతే అదే నీ సైజు, పెరుగుతానని పెద్దది కొనుక్కునే వయసు నీకూ దాటింది, అతనికీ దాటింది అంది. ముందు ముందు నీకు ఇష్టమైతే లైసెన్సు నువ్వే తీసుకో, రైఫిల్ నీ పేరున ఉంటుంది, తాళం నీ దగ్గరుంటుంది. అది ఇంకెవరికీ ఇవ్వకూడదు, అతనికి అసలే ఇవ్వకూడదు. తొందరేం లేదు, అప్పటిదాకా ఇది ఇక్కడే ఉంటుంది.

కుసుమ చెంప చెక్కకి ఆనించింది. చెక్క చల్లగా ఉంది. మెల్లిగా ఊపిరి వదులు అంది నోరీన్. ఆ మాట రోజంతా ఇంకొకరికి చెప్పే మనిషి, చెప్పించుకున్నట్టే వదిలింది. చప్పుడయింది. భుజాన్ని ఎవరో పక్కకి జరగమన్నట్టు తోసింది, అంతే. టార్గెట్ దిగింది. చాలాసేపు పైకి రాలేదు. తగల్లేదేమో అనుకుంది. తర్వాత మెల్లిగా లేచింది. తెల్లటి చట్రంలో ఎడమ పక్కకి, బిళ్ళ ఉంది. టెలిస్కోపులో చూడమని నోరీన్ జరిగింది. కందకం అంచు మీదకి ఒక చెయ్యి లేచి ఊగింది. కందకంలో ఉన్నవాళ్ళు చేతులు బయట పెట్టకూడదని నోరీన్ రేడియోలో కేకలేసింది.

ఆదివారం మధ్యాహ్నం చలపతి ఫోన్ చేశాడు. మాగ్నమ్ ఖాయమైందా చెల్లెమ్మా అని అడిగాడు. లేదు అన్నయ్యగారూ అంది కుసుమ. చిన్నది చాలనుకున్నాం, అదీ క్లబ్బులోనే ఉంటుంది, ఎప్పుడైనా కొంటే నాకోసం కొంటాం అంది. చలపతి నవ్వి, చిన్నదైతే ఏడాదికి మళ్ళీ మార్చాలని మొదలెట్టాడు. కుసుమ అడ్డం వచ్చింది. పెద్దవాళ్ళ మాటకి అడ్డం రావడం ఆవిడకి అలవాటు లేదు.

"అన్నయ్యగారూ, లేని పులి కాదది. ఉన్న పులే. ఆయన రెండేళ్ళు కాపలా కాస్తే అది ఊళ్ళోకి రాలేదు. ఆ రోజు నేనూ నవ్వాను, నాదీ తప్పే."

చలపతి, బావగారికి ఒంట్లో ఎలా ఉంది అని వేరే గొంతుతో అడిగాడు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని కుసుమ దాచకుండా చెప్పింది. కారు నేను తేనా అన్నాడు. అక్కర్లేదంది. ద్వారకానాథ్ టీవీ ముందు కూర్చునే ఉన్నాడు. గొంతు తగ్గించే ఉంది కాబట్టి అంతా విన్నాడు.

సాయంత్రం కుసుమ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఆయన వంటింట్లోకి వచ్చాడు. ఏం కావాలండీ అంటే, అన్నం నేను పడేస్తాను అన్నాడు. బియ్యం డబ్బా మూత తియ్యడానికి కాస్త అవస్థపడ్డాడు. అది తిప్పాలి, లాగకూడదు. కొలగిన్నె ముంచి, ఒక్క క్షణం ఆగి, వేళ్ళతో బియ్యాన్ని అటూ ఇటూ కదిపాడు.

"నేను తీశాను," అంది కుసుమ, చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండా.

ఆయన తల ఊపాడు. "ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు."

"ఖాళీ పెట్టేగా అండీ."

"ఖాళీదే. అయినా చెప్పకు."

"చెప్పను."

ద్వారకానాథ్ గిన్నెలో బియ్యం పోసి, కుళాయి కింద పట్టాడు. ఎన్నిసార్లు కడగాలి అని అడిగాడు. నీళ్ళు తేటగా వచ్చేదాకా అని కుసుమ చెప్పింది.